కరవది నుండి శ్రీరంగానికి: షేక్ చిన మౌలానా సాహెబు

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట సీమలో, నందిగామ జగ్గయ్యపేటల నడుమ పుట్టి పెరిగినవారిలో సన్నాయి మేళం విననివారు ఉండరు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు గాని, వేదాద్రి నరసింహస్వామి కల్యాణం గాని, సామాన్య గృహస్థుని ఇంట పెండ్లి గాని ఆ మేళం లేనిదే నిండుగా తోచదు. ఆ మేళానికి ముందు నిలిచి ఊదే విద్వాంసుని పేరు షేక్ అన్న మాటతో మొదలు కావడం కూడా ఇక్కడ ఎవరికీ వింత కాదు. రాములవారి పెండ్లిలో మంగళవాద్యం మ్రోగించే ముస్లిం కుటుంబాలు ఆంధ్రదేశంలో తరతరాలుగా ఉన్నాయి. వారిలో దూదేకుల కుటుంబాలు అనేకం. ఉర్దూను, తెలుగును పక్కపక్కనే కూర్చుండబెట్టుకొనే ఈ వార్షిక సంచికలో, అటువంటి కుటుంబాలలో పుట్టినవారందరి కంటె మిక్కిలి కీర్తి గడించిన షేక్ చిన మౌలానా సాహెబు జీవితాన్ని చెప్పుకోవడం సముచితమని మేము తలచాము.

అయితే బిరుదులను వరుసగా చదివి వినిపించడం మా ఉద్దేశం కాదు. ఒక వాద్యకారుని జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే అతడు చేతబట్టిన వాద్యాన్ని ముందు అర్థం చేసుకోవాలి. ఏ వాద్యకారుడైనా వాద్యాన్ని ఎన్నుకొనేటప్పుడు మూడు సంగతులు చూస్తాడు. దాని నాదం ఎట్లున్నది? అది ఎన్నాళ్ళు మన్నుతుంది? పదిమందిలో నిలబడి వాయించినప్పుడు అది ఎంతవరకు ఆదుకుంటుంది? ఈ మూడూ ఒకే వాద్యంలో కుదరడం కష్టం. నాదం గొప్పదైతే మోయడం భారం. మోయడం తేలికైతే నాదం పలుచన. కలకాలం మన్నేది పలకనే పలకదు. చిన మౌలానా సాహెబు జీవితంలోని పెద్ద మలుపు ఈ ఎన్నికతో ముడిపడి ఉన్నదని మా అభిప్రాయం.

వారు 1924 మే 12వ తేదీన కరవది గ్రామంలో జన్మించారు. ఒంగోలుకు ఉత్తరంగా, రైలుమార్గం మీద ఉన్న ఊరు అది. నేడు ప్రకాశం జిల్లాలో ఉన్నది గాని, వారు పుట్టిననాటికి ఆ జిల్లాయే లేదు. ఒంగోలు ప్రాంతమంతా గుంటూరు జిల్లాలో భాగం. ఇంటిలో నాదస్వరం కొన్ని తరాల సొత్తు. తండ్రి కాసిం సాహెబు వారికి తొలిగురువు. ఆనాడు ఆంధ్రదేశంలో నాదస్వరానికి చిలకలూరిపేట, సాతులూరు పేరుపొందిన పట్టులు. చిలకలూరిపేటలోని షేక్ ఆదం సాహెబు గొప్ప విద్వాంసులని ప్రతీతి. కుమారునికి తాను నేర్పగలిగినది నేర్పిన పిమ్మట తండ్రి ఆ ఆదం సాహెబు వద్దకు పంపారు. మేళకారుల ఇండ్లలో ఇది ఆచారం. తండ్రి వద్ద బాలుడు ఊదడం నేర్చుకుంటాడు; గురువు వద్ద సంగీతం నేర్చుకుంటాడు.

మేళకారుని బ్రతుకు తేలికైనది కాదని పాఠకులు గ్రహించాలి. గాత్ర విద్వాంసుడు చాప మీద కూర్చుండి మూడు గంటలు పాడి లేస్తాడు. మేళకారుడు నడుస్తూ ఊదాలి. దేవుడు వీధిలోకి వస్తే దేవుని ముందు నడవాలి. పెండ్లికుమారుడు ఊరేగితే అతని ముందు నడవాలి. వెలుగు చాలని దారి, మిట్టపల్లాలు, దుమ్ము, చెవి దగ్గరే డోలు, చుట్టూ జనఘోష. తెల్లవారే వరకు అలసట అనరాదు. మైకులు లేని కాలంలో వీధి చివరనున్న వాని చెవికి చేరవలసింది ఒక మనిషి ఊపిరే. ఇట్టి పనికి పొట్టి వాద్యం అనుకూలం. దానిని తిమిరి అంటారు. పొడవు తక్కువ, శ్రుతి ఎక్కువ. నాలుగు మొదలు అయిదు శ్రుతుల వరకు పలుకుతుంది. నాదం సన్నగా, తీక్ష్ణంగా ఉండి జనఘోషను చీల్చుకొని దూరం పోతుంది. చేతికి బరువు కాదు. ఊపిరి మితంగా ఖర్చవుతుంది. వీధి మేళానికి ఇంతకంటె ఏమి కావాలి?

కాని దానికి రెండు లోపాలు ఉన్నాయి. గంటల తరబడి విస్తరించే రాగాలాపనకు ఆ తీక్ష్ణత చెవికి బాధ కలిగిస్తుంది. కీచు గొంతుతో ఎంత గొప్ప కీర్తన పాడినా విశ్రాంతి ఉండదు. రెండవది ఇంకా సూక్ష్మమైనది. ఆ వాద్యం మీద శుద్ధమధ్యమం తనంతట తాను నిక్కంగా పలికేది కాదు. పెదవి పట్టుతో, ఊపిరి అదుపుతో విద్వాంసుడే దానిని సరిదిద్దుకోవలసి వచ్చేది. శుద్ధమధ్యమం లేని రాగాలు ఎన్ని ఉంటాయి? కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తలలో సగం, అనగా 36, శుద్ధమధ్యమ మేళాలే. వాద్యం లోపాన్ని మనిషి ప్రతి క్షణం మోస్తూ ఉండేవాడన్నమాట.

వాద్య నిర్మాణాన్ని గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. నాదస్వరం ఒక పొడవాటి కర్ర గొట్టం. లోపలి బెజ్జం పైన ఇరుకుగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుంది. అడుగున పూవులాగ విచ్చుకొన్న భాగాన్ని తమిళులు అనసు అంటారు. పైన చిన్న లోహపు గొట్టం, దానికి తొడిగే పీక. వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. వాటికి దిగువన మరి అయిదు రంధ్రాలు ఉంటాయి. వాటిని వేళ్ళతో ముట్టుకోరు, అవసరమైన మేరకు మైనంతో పూడ్చి శ్రుతిని సవరిస్తారు. మీటలు లేవు, తంత్రులు లేవు. సగం మూసిన రంధ్రం, పెదవి ఒత్తిడి, ఊపిరి బలం, ఈ మూడింటితోనే గమకమంతా సాగాలి. కర్ర లేకుండా లోహంతో చేసిన గాలివాద్యాలను మినహాయిస్తే, ప్రపంచంలో ఇంత బిగ్గరగా పలికే వాద్యాలు కొద్ది అని సంగీతజ్ఞులు చెబుతారు.

తంజావూరు మండలంలోని తిరువావడుదురైకి చెందిన టి.ఎన్. రాజరత్నం పిళ్ళై, 1898లో పుట్టి 1956లో గతించిన మహా విద్వాంసుడు, తిమిరితో తృప్తి చెందలేదు. ఆయన పొడవాటి వాద్యాన్ని కోరాడు. కుంభకోణానికి సమీపంలోని నరసింగంపేటలో రంగనాథన్ ఆచారి అనే శిల్పి ఆ కోరికను కర్రలో నిజం చేశాడు. ఆ వాద్యం పేరు పారి. దాని శ్రుతి రెండు, రెండున్నర. నాదం గంభీరం, గుండ్రని పలుకు. శుద్ధమధ్యమం సూటిగా పలుకుతుంది. అంత పెద్ద కొలతల మీద రంధ్రాలను ఒక్క నూలు అటూ ఇటూ కాకుండా తొలచడం ఎంతటి పనో, కర్రపని తెలిసినవారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. వీధిలో నడిచే వాద్యం సభలో కూర్చుండే వాద్యమైనది ఈ మార్పుతోనే. ఇక దాని వెల ఏమిటంటే: వేళ్ళను మరింత చాపాలి, ఊపిరి మరింత పోయాలి, బరువును మరింతసేపు నిలబెట్టాలి. తిమిరి మీద అలవాటైన చేయి పారి మీద మళ్ళీ అక్షరాభ్యాసం చేయవలసిందే.

ఇటువంటి కథ మరొక ఖండంలో కూడా జరిగింది. నేటి పెండ్లి ఆర్కెస్ట్రాలలో బేస్ గిటారు వాయించే యువకులకు ఇది పనికివస్తుందని చెబుతున్నాము. అమెరికాలో నృత్య బృందాల వారు మనిషి ఎత్తును మించిన డబుల్ బేస్ అనే తంత్రీవాద్యాన్ని బండ్ల మీద మోసుకొని తిరిగేవారు. అది సున్నితమైనది, దెబ్బ తగిలితే పగిలేది. పైగా విద్యుత్ గిటార్లు, డ్రమ్ముల నడుమ దాని గొంతు వినిపించేది కాదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్, తాను గిటారు వాయించడం ఎరుగకపోయినా, 1951లో గట్టి చెక్కతో, 34 అంగుళాల తంత్రీమానంతో, మెట్లు పొదిగిన విద్యుత్ బేసును తయారుచేశాడు. మెట్ల వలన స్వరం కచ్చితంగా పలుకుతుంది గనుక దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. మెడను మరలతో బిగించాడు; చెడితే మెడ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. 1960లో జాజ్ బేస్ వచ్చింది. మెడ సన్నన, ధ్వని గ్రాహకాలు రెండు, పలుకు మరింత స్పష్టం. ఈనాటికీ బేస్ కొనబోయే యువకుడు ఆ రెంటి నడుమనే తటపటాయిస్తాడు. నిండైన, గుండ్రని అడుగు నాదం కావాలా, వేళ్ళకు తేలికై పలుకు తేటగా ఉండేది కావాలా? రాజరత్నం పిళ్ళై, రంగనాథన్ ఆచారి ఎదుర్కొన్న సమస్య వేరొకటి కాదు. తేడా ఒక్కటే. ఫెండర్ బిగ్గరగా వినిపించడానికి విద్యుత్తును ఆశ్రయించాడు. మనవారు ఊపిరిని ఆశ్రయించారు.

ఇక మన కథానాయకుని వద్దకు వద్దాము. చిన మౌలానా సాహెబు ఆదం సాహెబు వద్ద విద్య నేర్చిన పిమ్మట ఆంధ్రదేశంలోనే ఉండిపోయి ఉంటే వారికి కొరత ఏమీ ఉండేది కాదు. మేళాలకు పిలుపులు ఉన్నాయి, వంశానికి పేరు ఉన్నది. కాని గ్రామఫోను పలకలు, రేడియో రాజరత్నం పిళ్ళై తోడిని దక్షిణదేశమంతటా వినిపిస్తున్న రోజులవి. చిన మౌలానా సాహెబు ఆ బాణికి దాసులైనారు. దూరం నుండి విని అనుకరించడంతో తృప్తిపడక, ఆ బాణి పుట్టిన నేల మీదికే పోయి, తంజావూరు మండలంలోని నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం పిళ్ళై, దురైకణ్ణు పిళ్ళై గారల వద్ద శిష్యులుగా చేరారు.

ఈ నిర్ణయం ఎంతటిదో కొంచెం ఆలోచించవలసి ఉన్నది. భాష వేరు, భోజనం వేరు, మతం వేరు. తమిళదేశంలో నాదస్వరం వాయించే కుటుంబాలు తరతరాలుగా ఆలయాలతో పెనవేసుకొన్నవి. వారి విద్య వారి బంధువర్గంలోనే పెరిగేది. అక్కడికి ఆంధ్రదేశం నుండి ఒక ముస్లిం విద్వాంసుడు వచ్చి పాదాల వద్ద కూర్చున్నాడు. అప్పటికే చేతికి వచ్చిన విద్యను పక్కనపెట్టి మొదటి నుండి స్వరం సవరించుకోవడం పిల్లవానికంటె పెద్దవానికి కష్టం. పిల్లవానికి మరచిపోవలసింది ఏమీ ఉండదు. తంజావూరు బాణి పారి వాద్యం మీద పెరిగింది. ఆ బాణిని కోరినవాడు ఆ పొడవాటి కర్రను, దానికి తగిన ఊపిరిని కూడా సంపాదించుకొని తీరాలి. నేర్పిన సోదరుల ఔదార్యాన్ని కూడా మరువరాదు. వారు తమ విద్యకు గోడ కట్టలేదు.

ఆ శ్రమకు ఫలం రాగాలాపన. చిన మౌలానా సాహెబు పేరు చెప్పగానే రసికులకు మొదట జ్ఞాపకం వచ్చేది అదే. పారి వాద్యపు లోతైన శ్రుతి మీద ఒక స్వరాన్ని నిలిపి, దానిని కొద్దికొద్దిగా కదిలించి, పక్క స్వరాన్ని తాకీ తాకనట్లు చూపి వెనుకకు తెచ్చే పద్ధతి వారిది. ఇది తొందరలో సాగే పని కాదు. అంత పెద్ద గొంతుక గల వాద్యాన్ని మెల్లగా, మృదువుగా పలికించడం బిగ్గరగా పలికించడం కంటె కష్టం. గట్టిగా ఊదితే పీక తనంతట తాను పలుకుతుంది. మెల్లగా ఊదితే ఊపిరి చెదిరినా, పెదవి సడలినా శ్రుతి జారుతుంది. నాదస్వరం చెవులు చిల్లులు పొడిచే వాద్యమని అనుకొనేవారు చిన మౌలానా సాహెబు పలకలను ఒకసారి వినవలసిందని మా మనవి.

మన్నిక మాటకు వస్తే, నాదస్వరానికి వాడే కర్రను తమిళులు ఆచ్చా అంటారు. మన అడవులలో నారయేపి అని పిలిచే చెట్టు అదే. గట్టి కర్ర, బరువైన కర్ర. పచ్చి కర్ర పనికిరాదు. ఎండేకొద్దీ కుదించుకొనిపోయి బెజ్జం వంకర తిరుగుతుంది, లేదా నిలువున చీలుతుంది. అందుచేత నరసింగంపేట శిల్పులు పాత ఇండ్లు పడగొట్టిన చోట దొరికే దూలాలను, స్తంభాలను వెదకి తెచ్చుకొంటారు. ఎన్నో దశాబ్దాలు ఇంటి కప్పును మోసి, ఎండకు వానకు ఆరితేరిన కర్ర ఇక కదలదు. తాతముత్తాతల కాలపు ఇల్లు నేలమట్టమైతే అందులో నుండి సంగీతం పుడుతుందన్నమాట.

కలకాలం మన్నడమే గొప్ప అయితే రాతి వాద్యాన్ని మించినది లేదు. కుంభకోణం ఆదికుంభేశ్వరుని ఆలయంలో నల్లరాతితో చెక్కిన నాదస్వరం ఉన్నది. దానిని చెదలు తినదు, ఎండ చీల్చదు. కాని దానిని ఎత్తి పట్టుకొని ఊదడమే ఒక సాహసం. దానితో వీధిలో నడవగలవారు ఎవరు? శిల్పి నైపుణ్యానికి అది సాక్ష్యంగా నిలిచిందే గాని మేళానికి అక్కరకు రాలేదు. కర్ర, రాయి కంటె అల్పాయువు గలదే అయినా, మనిషి చేతికి, మనిషి ఊపిరికి సరిపడినది కర్రయే.

ఇంత గట్టి వాద్యానికి ప్రాణం మాత్రం మిక్కిలి బలహీనమైన చోట ఉన్నది. అదే పీక. కావేరి ఒడ్డున పెరిగే ఒక జాతి రెల్లును కోసి, ఎండబెట్టి, ఉడికించి, మడిచి, దారంతో కట్టి పీకలను తయారుచేస్తారు. కర్ర తరాలు మన్నుతుంది. పీక కొద్ది కచేరీలకే అలసిపోతుంది. అందుకే నాదస్వరం నుండి దారాలకు వేలాడే అదనపు పీకలు, వాటిని సవరించే సన్నని పుల్ల కనబడతాయి. చూచేవారికి అవి అలంకారాలు. నిజానికి అవి విద్వాంసుని అత్యవసర సామగ్రి. గాలి పొడిగా ఉంటే పీక బిగుసుకుంటుంది, తడిగా ఉంటే మెత్తబడుతుంది. కచేరీ మధ్యలో అది మొరాయించిందా, మరుక్షణం మరొక పీక తొడిగి, పెదవితో తడిపి, ఏమీ జరగనట్లు పల్లవిని అందుకోవాలి. ఎంతటి విద్వాంసుడైనా తన పీకలను తానే పరీక్షించి ఏరుకొంటాడు. ఈ పనిని శిష్యునికి అప్పగించి నిద్రపోయేవాడు విద్వాంసుడు కాలేడని మేళకారుల ఇండ్లలో చెప్పుకొంటారు.

చిన మౌలానా సాహెబు తమిళదేశంలోనే స్థిరపడి, శ్రీరంగాన్ని తమ నివాసం చేసుకొన్నారు. రంగనాథుని మీద వారికి గల భక్తి లోకవిదితం. వారు ముస్లింగానే జీవించారు. ఒక మతాన్ని విడిచి మరొక మతానికి పోయినవారు కారు. రెండు వైపులా కనుబొమలు ముడిచినవారు ఉండవచ్చు. వారి పని వారు చేసుకొనిపోయారు. మన ప్రాంతంలో మేళకారులను ఎరిగినవారికి ఇది వింత కాదని ముందే చెప్పాము. ఉత్తరదేశంలో బిస్మిల్లా ఖాన్ సాహెబు షహనాయితో కాశీ విశ్వనాథుని కొలిచిన చందమే ఇదీ. షహనాయి నాదస్వరానికి తమ్ముని వంటిది. పొట్టిది, గొంతు చిన్నది, పీక మెత్తనిది. గది లోపల షహనాయి అందం. గాలిగోపురం కింద నాదస్వరం అందం. ఈ రెంటినీ ఒకే సభలో పోల్చి తీర్పు చెప్పేవారి మాటను మేము అంతగా లక్ష్యపెట్టము.

గాలిగోపురం కింద పుట్టిన వాద్యాన్ని గోడల మధ్యకు, సముద్రాల ఆవలికి తీసుకొనిపోవలసిన అవసరం చిన మౌలానా సాహెబుకు కలిగింది. శ్రీలంక, హాంకాంగ్, సోవియట్ యూనియన్, జర్మనీ, ఫ్రాన్సు, ఫిన్లాండు, అమెరికా, కెనడా మున్నగు దేశాలలో వారి కచేరీలు జరిగాయి. మన నేల మీది వేడికి, తేమకు అలవాటుపడిన కర్రకూ పీకకూ చలిదేశపు పొడిగాలి పెద్ద పరీక్ష. మూసిన సభామందిరంలో మరొక చిక్కు ఉన్నది: వీధి చివరకు వినిపించవలసిన నాదం నాలుగు గోడలకు తగిలి తిరిగివస్తుంది. మైకును నోటి దగ్గర పెట్టే గాయకునికి తెలియని కష్టం ఇది. నాదస్వరానికి మైకు దగ్గరగా పెడితే కీచుతనం తప్ప ఏమీ వినబడదు. దూరంగా జరిపి, ఊపిరిని అదుపులో పెట్టుకొంటేనే పారి వాద్యపు గాంభీర్యం శ్రోతకు అందుతుంది. మెల్లగా పలికించడం తెలిసిన విద్వాంసునికే అది సాధ్యం. నాచ్చియార్‌కోయిల్‌లో పడిన శ్రమకు దూరదేశాలలో ఫలితం దక్కింది.

బిరుదులు వచ్చాయి. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. 1998 సంవత్సరానికి మద్రాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదంతో సత్కరించారు. కర్ణాటక సంగీత లోకంలో దానికి మించిన గౌరవం లేదని వాడుక. ఆ బిరుదు రాజరత్నం పిళ్ళైకి జీవితాంతం దక్కలేదు. ఆయన బాణిని నెత్తిన పెట్టుకొన్న కరవది విద్వాంసునికి దక్కింది. మంగళవాద్యకారులను గాయకులకు ఒక మెట్టు దిగువన కూర్చుండబెట్టే అలవాటు సంగీత సభలలో చాలాకాలం సాగింది. కచేరీల పత్రికలో వారి పేరు ఆరంభానికి ముందు, తలుపులు తెరిచే వేళకు పరిమితమయ్యేది. ఆ అలవాటును వాదనతో గాక వాద్యంతో ఎదిరించినవారిలో చిన మౌలానా సాహెబు ఒకరు.

బిరుదుల కంటె మాకు ముఖ్యంగా తోచేది వారు శ్రీరంగంలో నెలకొల్పిన శారదా నాదస్వర సంగీతాశ్రమం. వంశం వారికే విద్య అనే కట్టడి అక్కడ లేదు. తమకు తమిళ గురువులు తలుపు తెరిచినట్లే తామూ తెరిచారు. అక్కడ నేర్చినవారిలో వారి మనుమలు కాసిం, బాబు ఉన్నారు. ఆంధ్రదేశం నుండి వెళ్ళిన షేక్ మహబూబ్ సుభానీ, ఆయన సతీమణి కాలీషాబీ కూడా ఉన్నారు. ఈ దంపతులు కర్నూలులో శారదా సంగీత కళాశాలలో నేర్చుకొని, ఆపై చిన మౌలానా సాహెబు వద్ద శుశ్రూష చేశారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. స్త్రీ ఊపిరికి పారి వాద్యం లొంగదని తలచినవారికి కాలీషాబీ గారి కచేరీయే సమాధానం. ఈ సంగతి మా కళాశాల విద్యార్థినులు ప్రత్యేకంగా గమనింతురు గాక.

చిన మౌలానా సాహెబు 1999 ఏప్రిల్ 13వ తేదీన శ్రీరంగంలో కీర్తిశేషులైనారు. సంగీత కళానిధి గౌరవం అందుకొని అప్పటికి కొద్ది నెలలే గడిచాయి. వారి వయస్సు 74 సంవత్సరాలు.

మన ప్రాంతానికి వచ్చి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. పెండ్లిండ్లలో నేడు మేళాన్ని పిలుస్తారు. పిలిచి, దాని పక్కనే పెద్ద స్పీకర్లు పెడతారు. మూడు ముళ్ళ వేళ ఒక్క నిమిషం గట్టిమేళం కావాలి, మిగిలిన సమయమంతా సినిమా పాట కావాలి. విద్వాంసునికి ఇచ్చే సొమ్ము షామియానాకు ఇచ్చే సొమ్ములో ఎన్నో వంతో లెక్కించుకొంటే సిగ్గు కలుగుతుంది. వేలు పోసి కొన్న పారి వాద్యాన్ని ఆ ఒక్క నిమిషం కోసం మోసుకొని తిరగడం దేనికని మేళకారుల పిల్లలు అడిగితే వారిని తప్పుపట్టలేము. ఆ పిల్లలలో కొందరు కళాశాలలకు వస్తున్నారు. వచ్చినవారు తండ్రి వృత్తిని దాచుకోవడం మేము చూస్తున్నాము. వార్షికోత్సవ సభకు ఆర్కెస్ట్రాను పిలిచే కమిటీ వారు ఒక్క సంవత్సరం, ఒక్క గంట, స్పీకర్లు ఆపి, నాదస్వర కచేరీని కూర్చుండి వినే ఏర్పాటు చేస్తే బాగుంటుందని మా సూచన. వాద్యకారుని కోసం వెదకుచు దూరం పోనక్కరలేదు.

భద్రాచల రామాలయంలో దీర్ఘకాలం నాదస్వర సేవ చేసిన షేక్ హసన్ సాహెబు మన మెట్ట ప్రాంతపు గోసవీడు వారే. తిరువూరు వైపున, గంపలగూడెం మండలంలోని గ్రామం అది. ఆయన 2021లో కాలధర్మం చెందారు. 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆ పురస్కారాన్ని మరణానంతరం ఇవ్వవలసి వచ్చింది. ఆ ఏడే మార్చిలో నరసింగంపేట నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఏడే ఏప్రిల్‌లో నందిగామ, జగ్గయ్యపేట, గోసవీడు అన్నీ కలిసి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. నరసింగంపేట శిల్పులకు పాత దూలాల కొరత నానాటికీ పెరుగుతున్నది. పడగొట్టే మండువా ఇండ్లు వారికి దొరకడం లేదు.  పారి వాద్యం కొనదలచిన యువకుడు ముందు శిల్పి వద్ద పేరు నమోదు చేసుకొని, తగిన కర్ర దొరికేదాకా వేచి ఉండవలసి వస్తున్నది.